ఉప్పునీళ్ళ సాయంత్రం

మూఢం వస్తే మాకు పండగ.
పెండ్లిండ్లు ఉండవు, తిరుచానూరు రోడ్డులో కల్యాణమంటపం
సగం రేటుకే ఇస్తారు.
గోడమీద ఇంకా ఎవరివో పేర్లు, థర్మకోల్‌లో,
వరుడి పేరులో ఒక అక్షరం ఊడిపోయి.
దాని కిందే మొగిలీశ్వరక్క
సుద్దముక్కతో నేలమీద స్టేజీ గీస్తుంది.
ఇరవై ఆరేండ్లుగా అదే గీత.

మొదట చూసింది బంగారుపాళెంలో,
మామిడిగుజ్జు ఫ్యాక్టరీ వెనక.
నేనప్పుడు అక్కడ ఎలక్ట్రీషియన్ని.
ఫ్యూజు కట్టడానికి పిలిచి
"మెల్లంగా ఆరే దీపం చేస్తావా అబ్బా?" అనింది.
కుండలో నీళ్ళు పోసి, గుప్పెడు ఉప్పేసి,
రెండు రేకులు దించినాను.
రేకు పైకి లేపేకొద్దీ బల్బు వాడిపోయింది.
"చీకటి చెయ్యమన్లేదు," అనింది,
"సాయంత్రం చెయ్యి."

ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ తిరగతా ఉండాను.

వాళ్ళ నాయన భారతం మిట్టలో ద్రౌపది వేషం కట్టేవాడంట.
తెల్లారి మట్టి దుర్యోధనుడి తొడ తొక్కి
జడ ముడేసుకుని,
ఆ ముడితోనే ఇంటికొచ్చి పాలు పితికేవాడంట.
"రంగు కడగకముందు ఆయన ఎవురో
నాకిప్పటికీ తెలీదు" అంటుంది అక్క.
దాన్ని మాత్రం నాటకం చెయ్యలేదు.
అడిగితే, ఇంకా రిహార్సలు కాలేదంటుంది.

చిత్తూరులో ఒకసారి తొమ్మిదిమంది చూసినారు,
వాళ్ళలో ఇద్దరు కుర్చీల బాడుగ కోసం వచ్చినోళ్ళు.
పుత్తూరులో వాన.
నగరిలో హీరో, మరమగ్గం షిఫ్టుకు టైమయిందని
మూడో రంగంలో దిగి వెళ్ళిపోయినాడు.
మిగతా మాటలు అక్కే చెప్పింది,
మీసం లేకుండా, కండ్లద్దాలతో.
ఎవరూ నవ్వలేదు.

ఢిల్లీవాళ్ళు పిలిచి శాలువా కప్పినారు.
అక్కడ దీపాలన్నీ కంప్యూటర్లో.
ఒక పిల్లోడు వేలితో అట్ల తాకితే
సాయంత్రమైపోయింది.
అక్క నా వైపు చూసింది.
నేను చేతులు వాసన చూసుకున్నాను.
ఆ శాలువా ఇప్పుడు మా గ్రీన్‌రూము తలుపు.

ఈసారి నాయిక కోమలవల్లి,
పగలు బస్టాండులో అనౌన్సరు.
ఏ మాట చెప్పినా
మదనపల్లె బస్సు కదలతా ఉన్నట్టే ఉంటుంది.
మార్చమ్మా అని అందరూ అంటే
అక్క ఒప్పుకోదు.
"ఆ పిల్ల గొంతులో అందరూ పోతా ఉండారు,
ఇనండి."

ఎల్లుండితో మూఢం వదుల్తుంది.
మేనేజరు బకెట్టూ తుడుపుగుడ్డా తెచ్చి
సుద్దగీత దగ్గర నిలబడినాడు.
"ఒక్కసారి, చివరి రంగం" అనింది అక్క,
నా వైపు తిరక్కుండానే చెయ్యెత్తి.

మంటపంలో ఉండేది పదకొండు ట్యూబులైట్లు.
వాటికి వెలగడం, ఆరడం తప్ప ఇంకేమీ రాదు.
గోడపక్కనుంచి మొదలుపెట్టి
ఒకటి ఆర్పినాను.
ఆగి, ఇంకొకటి.