వడ్డన కిటికీ

హీయుమా దీవిలో పదకొండు మంది పిల్లల బడి.
నేనక్కడ వంటమనిషిని.
వంటింటికీ తరగతికీ మధ్య చిన్న కిటికీ ఒకటి;
అందులోంచి పళ్లేలు అటు పోతాయి,
పాఠాలు ఇటు వస్తాయి.

మంగళవారం కంప్యూటర్ పాఠం.
ఉర్వె టీచర్ కంప్యూటర్లు తెరవనే లేదు.
మంచు బూటు ఒకటి బల్ల మీద పెట్టి
"నేనిప్పుడు యంత్రాన్ని, నాకేమీ తెలీదు,
ఇది తొడుక్కోవడం నేర్పండి" అంది.
"తొడుక్కో!" అన్నాడు పెర్తెల్.
చేతికి తొడుక్కుంది.
"కాలికి!"
బల్ల కాలికి తొడగబోయింది.
తరగతంతా విరగబడి నవ్వింది,
నా చేతిలో బంగాళాదుంప జారి బకెట్లో పడింది.
ఒక్క బూటుకి పదిహేడు ఆజ్ఞలు పట్టాయి.
"యంత్రం మీరన్నది వింటుంది,
అనుకున్నది వినదు" అందావిడ.
మా ఆయన అన్నది కూడా వినేవాడు కాదు.
పాపం, పోయి ఆరేళ్లు.

ఆ పై వారం పాస్‌వర్డ్.
హిల్లెవి లేచి నిలబడి, పద్యం అప్పజెప్పినట్టు
తనది గడగడా చెప్పేసింది:
పిల్లి పేరు, పక్కన తన వయసు.
టీచర్ తల పట్టుకుంది.
అంతలో వెనక బెంచీ నుంచి ఎవరో
"మరి మీది కీబోర్డు కింద
పసుపు కాగితం మీద ఉందిగా?"
ఆ రోజు నేను వండింది బీట్‌రూట్ సూప్.
గిన్నెలోకీ ఆవిడ ముఖంలోకీ మార్చి మార్చి చూశాను.
ముఖమే ఎరుపు.

మూడో మంగళవారం నవ్వుల్లేవు.
యోసెప్ గోళ్లు కొరుక్కుంటూ మొదలుపెట్టాడు:
ఆటలో ఒకడున్నాడు, తనకీ పదేళ్లేనంటాడు,
బంగారు కత్తి ఇస్తానన్నాడు,
మీ కిటికీలోంచి ఏం కనిపిస్తుందో
ఫొటో తీసి పెట్టమన్నాడు,
ఇంట్లో చెప్పకన్నాడు.
"ఏం పంపావు?"
"లైట్‌హౌస్."
మా దీవిలో లైట్‌హౌస్ చూపిస్తే
గుమ్మం చూపించినట్టే.
గంజి అడుగంటుతున్న వాసన. నేను కదల్లేదు.
టీచర్ గొంతు పెంచలేదు.
వాడి పక్కన నేల మీద చతికిలబడి
"చెప్పావు చూడు, అదీ ధైర్యమంటే" అంది.
తర్వాత లేచి బోర్డు మీద ఒకే వాక్యం రాసింది:
ఎవరికీ చెప్పొద్దన్న మాటే
ముందుగా పెద్దవాళ్లకు చెప్పాలి.

పిండి డబ్బా పక్కన నా ఫోన్ గుర్రుమంది.
రెండు నెలలుగా రోజూ ఆ వేళకే.
నడిసముద్రంలో ఓడ మీద ఇంజనీరట.
భార్య లేదట.
నా రై రొట్టె ఫొటో చూసి
వాసన తగిలిందన్నాడు.
మా ఆయన ముప్పై ఏళ్లు తిన్నాడు, ఒక్కనాడనలేదు.
ఇప్పుడేదో రేవులో జీతం ఇరుక్కుపోయిందట,
కాస్త సర్దితే వచ్చేస్తాడట.
మీ అక్కకి మాత్రం చెప్పకు, అన్నాడు,
మన సంతోషం ఓర్వలేదు.
నేనేమీ పంపలేదు.
అంటే, ఒకసారి పంపాను.
అంటే, రెండుసార్లు.

అరవై దాటిన దాన్ని.
కిటికీలోంచి బోర్డు కూడబలుక్కుని చదివాను.
పెద్దవాళ్లకట.
నాకు పెద్దవాళ్లెవరు?

భోజనాల వేళ యోసెప్ పళ్లెం చాపాడు.
గంజి చూసి ముక్కు ఎగబీల్చి
"మాడింది" అన్నాడు.
"నాకూ ఒకడున్నాడ్రా" అన్నాను.
గరిటె గాల్లోనే ఉండిపోయింది.
వాడు నన్ను కాసేపు చూశాడు.
"ఫొటో పంపావా?"
"ఫొటో కాదు."
పళ్లెం కిటికీ గట్టున పెట్టి, చుట్టూ తిరిగి,
పిల్లలు రాకూడని వంటింట్లోకి వచ్చి
పిండి చెయ్యి పట్టుకున్నాడు.
"పద టీచర్ దగ్గరికి. తిట్టదు.
నేనూ వస్తాను."