చెక్కుబంది

ఆదోని సబ్ రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
రేకుల పందిరి కింద, పంతొమ్మిదేండ్లుగా నా మేజా.
ఊరోళ్ల చేలకు హద్దులు రాయడం నా పని.

ఆ మంగళవారం సుంకన్న రెండెకరాల అమ్మకం.
తూర్పు: బోయ ఈరన్న మెట్ట.
పడమర: వంక.
రాసి ముగించినా.
"చదివి వినిపించక్కా" అన్నాడు.
కాగితం ఎత్తినా.

చేతిరాత నాదే.
ఆ సున్నాలు నావే, కిందికి లాగిన కొమ్ములు నావే.
ఒక్క అక్షరమూ పలకలే.
చీమలు వరస తప్పకుండా పోతాండాయి,
యాడికో చెప్పకుండా.

"అద్దాలు మార్చక్కా" అన్నాడు స్టాంపుల ఖాదర్ వలి.
కండ్లకేం కాలే. రేకు కింది బల్లి తోక కూడా కనపడతాంది.
సర్వే నంబరు చదివినా, రెండొందల పద్నాలుగు బై రెండు.
అంకెలు నన్ను వదల్లేదు.
వదిలిపోయింది అ ఆ లు.

కర్నూలు పెద్దాసుపత్రిలో
దడదడలాడే గొట్టంలో అరగంట పండబెట్టి
ఆ ఫోటో వెలుతురుకెత్తి చూపినారు.
నల్లరేగట్లో అక్కడక్కడ పగిలిన పత్తికాయలు.
ఆదోనిదాన్ని గదా, పత్తిని చూస్తే పంటనుకుంటా.
డాక్టరమ్మ నవ్వలే.
"నరాల మీది తొడుగును మీ ఒళ్లే తినేస్తోంది.
మల్టిపుల్ స్క్లిరోసిస్.
అందులోనూ రాయగలిగి చదవలేనివాళ్లను
నేను పుస్తకాల్లోనే చూశాను."
నాలుగేండ్ల కింద ఒక కన్ను మసకబారి మళ్లీ వచ్చింది.
ఎండదెబ్బ అనుకున్నాము.

అయిదు రోజులు సీసాల్లో మందు.
ఆరోరోజు పేరు రాయమన్నారు. రాసినా.
అదే కాగితం తిప్పి, ఇదెవరి పేరన్నారు.
ఎవరో, నేనెరగనన్నా.

ఒక రాత్రి కరెంటు పోయింది.
చీకట్లో పాత పలక మీద చెక్కిన గీతల్లోకి
వేలు తనంతట తానే పోయింది.
తలకట్టు, దీర్ఘం, మళ్లీ కిందికి,
ఒంట్లో యాడో "కా" అన్నట్టయింది.
అప్పట్నుంచి వేలితో దిద్దుకుంటూ చదువుతా.
పేజీకి గంట.
వేలి కొన అరిగిపోతే ఏం చేయాలో ఎవరూ చెప్పలే.

ఇప్పుడు నేను రాస్తా, ఖాదర్ వలి చదువుతాడు.
భూమిని బూమి అంటాడు, పర్వాలేదు.
పత్రం చివర్న ఒక మాట రాయాల:
చదివి వినిపించగా విని సమ్మతించి.
అక్కడికొచ్చేసరికి చెయ్యి కొంచెం ఆగుతాది.

నిన్న సుంకన్న వచ్చినాడు, పట్టా కోసం.
"అక్కా, రోగం యాడిదాకా పోతాదంట?"
చిత్తు కాగితం తీసి రాసిచ్చినా.
తూర్పు: చూపు.
పడమర: మాట.
దక్షిణం: కుడిచెయ్యి, నా సొంతం.
ఉత్తరం దగ్గర ఖాళీ వదిలినా,
సర్వేయరింకా రాలేదని.