పోయిన నీటి లెక్క

పొద్దున్న ఎనిమిదిన్నరకి
అబ్జర్వేటరీ వెనక గడ్డిలోకెళ్లి
తీగవల మూత ఎత్తుతాను.
తెల్లరంగు వేసిన గుండ్రటి రాగి తొట్టి.
సూదిమొనని నీళ్లు మళ్లీ ముట్టుకునేదాకా
కొలపాత్రతో పోస్తాను.
ఎంత పోశానో, నిన్నటి ఎండ అంత తాగినట్టు.

వాన పడితే ఊరంతా ఫోన్లు చేస్తుంది
ఎన్ని సెంటీమీటర్లని.
పోయిందెంతని
పదిహేడేళ్లలో అడిగింది ఒక్కడు,
ట్యాంకరు నడిపే చుక్క నూకరాజు.
"ఏటమ్మా, రోజూ దీంట్లో నీళ్లు పోత్తావు,
ఈ తొట్టికి అంత దాహమేటి?"

తొట్టికి కాదు నూకరాజూ, గాలికి.
ఒక్క డిగ్రీ వేడెక్కితే చాలు
నూటికి ఏడు పాళ్లు ఎక్కువ తేమ పడుతుంది దాంట్లో.
చదువుకునే రోజుల్లో ఇది నాకు నాలుగు మార్కుల సమీకరణం.
ఇప్పుడు
మేఘాద్రిగెడ్డలో నీళ్లు తగ్గి బయటపడ్డ
ఎవరిదో తుప్పు సైకిలు.
కుండ పెద్దదైతే నిండడానికి నెలలు పడుతుంది,
నిండాక ఒక్కసారే బోర్లా పడుతుంది.

ఈ ఊళ్లో చెబితే నవ్వుతారు.
బీచి రోడ్డులో చొక్కా వీపుకి అంటుకుపోతుంది,
దండెం మీద తువ్వాలు తెల్లారినా ఆరదు,
డబ్బాలో ఉప్పు నీరు కక్కుతుంది.
ఇంత చెమ్మలో కరువేమిటండీ అంటారు.
సింహాచలం కొండ దాటి లోపలికి పదిమైళ్లు పోయి చూడండి,
అదే గాలి మాట మార్చేస్తుంది.

అక్కడ చోడి ఆకు కింద
కంటికి ఆనని నోళ్లు వేలకి వేలు.
వేరుకి తడి అందకపోతే అవి మూసుకుంటాయి.
నోరు మూస్తే నీళ్లు నిలుస్తాయి గానీ
తిండీ లోపలికి రాదు.
మధ్యాహ్నం మూడింటికి
పొలమంతా అలా పళ్లు బిగబట్టి నిలబడి ఉంటుంది.

కరువు అన్నిచోట్లకీ ఒక్కసారి రాదు.
ముందు మబ్బుకి వస్తుంది, తర్వాత మట్టికి,
ఆ తర్వాత గెడ్డకి, ఆఖరున బోరుకి.
వెళ్లడమూ అదే వరస.
బోరు దగ్గర మాత్రం
పెళ్లయిపోయినా కదలని చుట్టంలా
చాన్నాళ్లు కూచుంటుంది.

పక్కగదిలో రెహానా
భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల ఇసుకని
నల్ల గొట్టంలో తెచ్చి, తలుపులేసుకుని,
ఎర్రదీపం కింద తెరుస్తుంది.
ఈ రేణువు చివరిసారి ఎండ చూసిందెప్పుడని
యంత్రాన్ని అడుగుతుంది.
వేల ఏళ్ల కిందట సముద్రం వెనక్కి తగ్గితే
గాలి ఎత్తిపోసిన కుప్పలట.
"అయితే ఎండిపోవడం ఈ నేలకి కొత్తేం కాదుగా" అన్నాను.
తను గొట్టం మూత బిగించి
"అప్పుడిక్కడ ఊరు లేదు" అంది.

ఈ ఆగస్టులో ఇరవై ఆరు రోజులు చుక్క లేదు.
ఇరవై ఏడో రాత్రి కురిసింది.
జ్ఞానాపురం వంతెన కింద ఆటోలు తేలాయి.
తెల్లారేసరికి నూట నలభై రెండు మిల్లీమీటర్లు.
సగటుతో సరిపోల్చి
ఆ నెల గడిలో "సాధారణం" అని రాశాను.
అబద్ధం కాదు,
రెండుసార్లు కూడి చూసుకున్నాను.
పెంకులా బిగిసిన నేల మీద జారి
సిమెంటు కాలవల్లో పడి
వచ్చిన నీళ్లు వచ్చినట్టే
హార్బరు దారి పట్టాయని రాయడానికి
గడి లేదు.

ఆరున్నరకే వీధిలో ట్యాంకరు మోత.
"రాత్రి అంత వాన కొట్టింది కదా, నూకరాజూ?"
"కొట్టిందమ్మా. ఆగనేదు."

రిమార్కుల చోట పెన్సిలుతో ఆ మాటే రాశాను.
పైవాళ్లు చూస్తే చెరిపేస్తారు.

ఆ ఒక్కరోజే తొట్టి పొర్లిపోయింది,
పోయడానికి బదులు తోడాల్సి వచ్చింది.
రూలు ప్రకారం పారబొయ్యాలి.
మొదటి చెంబు ఎత్తేసరికి
గోడవతల్నుంచి నూకరాజు
బకెట్టు అందించాడు.