మూడో పంపు దగ్గర

కొనాక్రీలో కరెంటు పోయిన రాత్రుళ్ళు
మా పెట్రోలు బంకుకి పిల్లలొస్తారు
పుస్తకాలు చంకన పెట్టుకుని.
జనరేటరు మోగినంతసేపే వెలుగు.
పదకొండున్నరకి యజమాని కట్టెయ్యమంటాడు.

మూడో పంపు పక్కన
ఖాళీ సీసాల పెట్టె మీద కూర్చునేది సరాన్ బెరెతే.
జీవశాస్త్రం. నాలుగు వందల పన్నెండు పేజీలు.
పరీక్షకి ముప్ఫై ఆరు రోజులు.

గొట్టం పట్టుకుని చూసేవాణ్ణి:
ఒక్క వాక్యం మీద మూడుసార్లు నడుస్తుంది
పెదాలు కదుపుతూ, మాటమాటనీ
చేపముల్లు ఏరినట్టు ఏరుతూ.
ఏ మోటార్‌సైకిలో హారన్ కొడితే తలెత్తుతుంది,
మళ్ళీ దించేసరికి
తనెక్కడుందో తనకే తెలీదు.
మొదటినుంచి.

ఒక రాత్రి ఉండబట్టలేక అన్నాను:
"అమ్మాయ్, ఇక్కడికి రాకముందు
బుల్బినే రేవులో వలలు బాగుచేసేవాణ్ణి.
చదువు అంతంతమాత్రమే గానీ
వల చూడ్డం వచ్చు.
ముడి ముడీ లెక్కపెడుతూ కూర్చుంటే
పడవ వెళ్ళిపోతుంది.
జానెడు మేర చూపు పరిచి లాగుతూ పోవాలి.
చిరుగున్న చోట
వలే నీ చెయ్యి పట్టుకుంటుంది."

నవ్వేసింది.
మర్నాడు నా గడియారం అప్పడిగింది.

ఇక వేలు వరస కింద జారుతూనే ఉండేది.
పెదాలు కదలకుండా వాటి మధ్య ఒక పందుంపుల్ల, కాపలాకి.
వీపు రోడ్డుకి.
పేజీకి ఆరు నిమిషాలు, అయిదు, నాలుగూ చిల్లర...
అంచున పెన్సిలు అంకెలు
సాయంత్రపు చేపల ధరలా దిగుతూ.
ఒక లారీవాడు చిల్లర దగ్గర నా చొక్కా పట్టుకున్నాడు.
ఆ పిల్ల తలెత్తితే ఒట్టు.

అయితే మూత్రపిండం బొమ్మ దగ్గర
గడియారం బోర్లా పెట్టేసింది.
నలభై నిమిషాలు అదే పేజీ.
"చిరుగా?" అన్నాను.
"పెద్దది" అంది, చూపు తిప్పకుండా.
ఆ రాత్రి పదకొండున్నర దాటాక
నా డబ్బుతో ఇంకో లీటరు పోశాను జనరేటరులో.
యజమానికి చెప్పలేదు.

వాన పడ్డ ఆదివారం, బళ్ళు లేవు.
ఆయిల్ డబ్బా మీది అక్షరాలు
వేలితో తడుముకుంటున్నాను.
నాలుగు... స్ట్రోకుల... ఇంజన్లకు...
చప్పుడు చెయ్యకుండా వచ్చి వెనక నిలబడింది.
చివరి మాట దాటాక
గడియారం నా ముందు పెట్టింది:
పదకొండు మాటలు, మూడు నిమిషాలు.

నోట్లో పుల్ల తీసి, రెండుగా విరిచి,
నమలని సగం
నా చేతిలో పెట్టింది.