నా దగ్గు

ఆ పాటలో నా దగ్గు ఉంది.
ఎవలూ నమ్మరు గానీ
రెండో సరణం అవగానే
సీసా మూతి తీగ మీద పైకి జారతాది సూడు,
అక్కడ.
సిన్న గుంటడి దగ్గు. నాదే.

అప్పలసూరి వీణకి మెట్లుండేవి కావు.
బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఎవలో ఎండలో మర్సిపోనారంట,
మైనం కారిపోయి మెట్లన్నీ పక్కకి ఒరిగీసినాయి.
పారీబోతే రెండు గోనెసంచులిచ్చి తెచ్చుకున్నాడు.
నెల్లిమర్ల జూట్ మిల్లోడికి గోనెలకేటి కరువు?
గోలీసోడా సీసా మెడ ఇరగ్గొట్టి
అంచు సానరాయి మీద అరగదీసి
ఏలికి తొడిగినాడు.
ఆ పూట నుంచి ఆ వీణ
మాటాడ్డం మానీసి మూలగడం మొదలెట్టింది.

పాటంటావా, ఆడు కట్టింది కాదు.
పెళ్ళాం నరసాయి కళింగపట్నంలో రంగం ఓడెక్కీసింది,
ఒక్కర్తే కాదు.
ఆ ఒక్కర్తే కాదన్నదే పాట.
నైట్ షిఫ్టు దిగి సంపావతి ఇసకలో కూకుని
తెల్లారేదాకా తిప్పి తిప్పి అదే.
ఓ రాత్రి ఓడ పేరు మారేది,
ఓ రాత్రి తప్పెవలిదో మారేది.

మే నెల్లో మద్రాసు నుంచి కంపెనీ బాబు దిగినాడు.
విజీనగరంలో బియ్యం గొడౌను ఎనక గది,
కిటికీలకి కంబళ్ళు.
పాట పట్టడానికీ మైనమే!
ఎండకి మెత్తబడకండా
వాల్తేరు నుంచి రైల్లో మంచుగెడ్డ,
పక్కన ఇసనకర్రతో నేను, రోజుకో అణా.
"మూడే నిమిషాలు" అన్నాడు బాబు.
"మూడు నిమిషాల్లో ఓడ రేవైనా దాటదు కదా బాబూ."

మొదటి పలక రాయపూర్ బండి కూతకి పోయింది.
రెండోదాంట్లో నేను దగ్గినాను.
మూడోది అప్పడంలాగ వొంగిపోయింది.
మంచు అయిపోయింది.
బాబు నాకేసి సూసినాడు, సానాసేపు.
రెండోదే పంపినాడు.

ఏడు రూపాయలు, ఓ పంచె.
రికార్డు మీద బంగారు అచ్చరాలు: వీణ, భక్తిగీతం.
నరసాయిని ఏ అమ్మోరనుకున్నారో.

గంటస్తంభం కాడ కాఫీకొట్లో ఆ పాట పెడితే
అప్పలసూరి నా దగ్గు రాకముందే
బయటికెల్లి బీడీ ముట్టించీవోడు.
"మద్దిలో ఇడిసీసినార్రా,
ఓడింకా నడిసముద్రంలోనే ఉంది" అనీవోడు.

నాకిప్పుడు డెబ్బై తొమ్మిది.
ఊపిరి తీస్తే లోపల సీసా గీసుకున్న సప్పుడు.
నిన్న డాక్టరు గుంటడు గుండె మీద గొట్టం పెట్టి
దగ్గు తాతా అన్నాడు.
ఎక్కడ దగ్గాలో నాకు తెలుసు.
కాసేపు ఆగినాను.