నాలుగు ముక్కల పరుపు

దూదేకులోళ్ళకి పరుపు రహస్యం కాదు.
కందుకూరులో సగం ఇళ్ళ పరుపులు
మా నాయన చేతుల్లోనే కుట్లు విప్పుకున్నయి.
పసిపిల్లల ఉచ్చ, ముసలోళ్ళ మందునూనె,
ఒక కొత్తకోడలి పరుపులో తలవైపు మూల ఉప్పు మరక.
చూస్తాడు, దూది ఏకుతాడు, కొత్త గలేబు తొడుగుతాడు.
ఎవురి పరుపు ఎందుకు తడిసిందో
ఈ రోజుకీ మాకు చెప్పలా.

అట్టాంటి మనిషి
మా కాలేషా పరుపు విప్పిన పొద్దు
కత్తెర అట్నే పట్టుకోని
మెట్టు మీద కూలబడ్డాడు.
మూడు నెలల్నించీ వాడు
దాన్ని తిరగేసుకుంటా, మళ్ళీ తిరగేసుకుంటా పడుకున్నాడు.
రెండు పక్కలా అయిపొయ్యినాక
ఉక్కపోతని చెప్పి బండల మీద.

పదో తరగతి పిల్లోడు,
నెత్తురని ఎవురికి చెప్తాడు?
తెలిసినాక మొలలన్నారు, వేడన్నారు.
జేజి దానిమ్మ తొక్కు కాచి మజ్జిగలో కలిపింది,
కసుమూరు మస్తానయ్యకి మొక్కింది.
కడాకి నెల్లూరులో కెమెరా పంపిచ్చి చూసి
డాక్టరు కాయితం మీద పెద్దపేగు గీసినాడు,
తలకిందులైన ప్రశ్నలాగా,
సగానికి పైన ఎర్రపెన్ను రుద్ది.
"ఇది పోయే జబ్బు కాదమ్మా, పడుకోబెట్టే జబ్బు.
అప్పుడప్పుడు లేస్తుంది. మళ్ళీ పడుకోబెట్టాలి."
నాయన చానాసేపటికి అన్నాడు:
"పడుకోబెట్టేది మా పనే గదా సార్."

ఆ తర్వాత కందుకూరు నించి నెల్లూరు దాకా
మాకు వేరే దారి ఒకటి తెలిసింది.
ఉలవపాడులో మామిడికాయలమ్మే ఆమె ఇంటెనక,
కావలి బస్టాండులో, చిల్లర ముందే చేతిలో ఉండాల,
హైవే బంకులో గొళ్ళెం లేదు, నేను బయట నిలబడాల.
ఏ డ్రైవరు ఆపుతాడో, ఏ కండక్టరు ఇసుక్కుంటాడో
అమ్మకి మొహాలు గుర్తు.
తలుపెనక క్యాలెండరులో పెన్సిలు గీతలు:
మొన్న పదకొండు, నిన్న తొమ్మిది,
ఎరుపు పడిన రోజు పక్కన సున్నా.
అన్నం దగ్గర దొడ్డి మాటెత్తితే
మూతి మీద కొట్టే జేజి
ఇప్పుడు కంచం ముందరే అడుగుద్ది,
"నీళ్ళలాగానా, గట్టిగానా అబ్బయా?"

మాత్రలకి వాడి మొహం ఊరింది.
బళ్ళో బూరె అని పిలిచినారంట.
వాడు నవ్వి ఊరుకున్నాడు. నేను ఊరుకోలా.

ఒక నెల ఇంట్లో ఎవురమూ కారం ముట్టలా.
వాడికి లేంది మాకెందుకని
మిరపపొడి డబ్బా పక్కింటికిచ్చేసింది అమ్మ.
మెత్తటన్నం, పెసరకట్టు. మెత్తటన్నం, పెసరకట్టు.
ఒకరోజు వాడు కంచం తోసేసినాడు.
"మీరంతా రోగులైతే నా రోగం తగ్గుద్దా?
కొర్రమీను తెచ్చి పులుసు కాయమ్మా, మామిడికాయేసి.
నేను తిన్లే. వాసనన్నా తగలనీ,
ఇల్లు ఆసుపత్రి కంపు కొడతా ఉంది."
ఇచ్చిన డబ్బా అడిగి తెచ్చుకోని కాచింది.
కళ్ళనీళ్ళు ఘాటుకంది.
వాడు పెరుగన్నం తింటా
నా కంచంలో ముళ్ళు ఏరినాడు.

ఆ వారమే నాయన వాడికి పరుపు కుట్టినాడు,
ఒకటి కాదు, నాలుగు ముక్కలు, బొత్తాలతో కలిపేది.
తడిసిన ముక్కే ఎండకి పోద్ది.
గుడ్డ ముదురు మెరూను.
ఆ రంగెందుకని ఎవురమూ అడగలా.
బొత్తాలు నేను కుట్టినా, పదహారు.
రెండు సరిగ్గా పట్టవు.

ఇప్పుడు రాత్రి మూడింటికి గొళ్ళెం చప్పుడైతే
ఇదివరకట్లా అందరం లేచి కూచోం.
లైటు వెలుగుద్ది. నీళ్ళ చప్పుడు.
నాయన కళ్ళు తెరవకుండానే,
"ఎరుపా?"
"లేదు నాయనా."
"ఊఁ."
కాసేపటికి గురక.
ఎవురిదో తెలీదు.