మబ్బుల

కంట్రోల్ రూంలో నా ముందున్న ఫారంలో
వానకు మూడే గడులు:
భారీ, అతి భారీ, అత్యంత భారీ.

మే నెలలో ఉప్పల్ నుంచి ఒక పిల్లోడు
"రాళ్లవాన, అక్కా!" అని
ఫోను కిటికీ బయటికి చాపి వినిపించినాడు.
రేకుల మీద ఎవరో గోలీల సంచి బోర్లించినట్టు.
జూన్‌లో బోరబండ ఆయన:
"గాలిదుమారం లేసింది మేడం,
మా ఇంటి రేకు మీకేమన్న కనవడ్డదా?"
యాకుత్‌పురా నుంచి "ఆస్మాన్ ఫట్ గయా" అంటే
పక్క సీటు ఫర్హానా తర్జుమా చెయ్యలేదు,
తల పట్టుకుంది.
అన్నిటినీ భారీలో వేసినాను.

మా కడప దిక్కు వానకు కొలత పదును.
కర్రు ఎంత లోతు దిగితే అంత వాన.
మోడం పట్టిందంటే మా నాయన
గొడుగు కాదు, గుంటక వెతికేవాడు.
ఇక్కడ పదునెక్కను మన్నేదీ?
సిమెంటు తాగదు, కక్కుతుంది.
"మా కాడ వాన్ని ఎవుడు లెక్కెడతాడండి,
గాలొస్తే చెప్పండి" అంటాడు
సీకాకుళం అప్పలసూరి, చల్లారిన టీ తాగుతూ.

సెప్టెంబర్, పొద్దున ఏడు.
చాదర్‌ఘాట్ వంతెన కింది నుంచి ఈదవ్వ.
"మొగులు పలిగింది బిడ్డా.
మా ముసలోడు మంచంల ఉన్నడు."
నీళ్లు ఎప్పుడొచ్చినాయవ్వా?
"మబ్బుల."
మబ్బుల్లో నీళ్లుంటాయి, నాకూ తెలుసు.
ఎప్పుడు అవ్వా?
"చెప్తి గద, మబ్బుల..."
లైను తెగింది.
ఆకాశం: మేఘావృతం, అని రాసినాను.
సమయం గడి ఖాళీ.

షిఫ్టు మారేటప్పుడు
డ్రైవర్ లచ్చుమయ్య నా భుజం మీంచి చదివి
నవ్వబోయి ఆగిపోయినాడు.
"మబ్బుల అంటే తెల్లారక ముందు, మేడం.
గీ అవ్వ నాలుగింటి సంది నీళ్లల్ల ఉన్నది."

పడవ పోయేసరికి తొమ్మిదిన్నర.
మంచం కోళ్ల కింద మూడు ఇటుకలు,
ఆ మూడింటి మీద రోలు, ఒక గ్యాసుబండ,
పైన దుప్పటి కప్పుకొని ముసలాయన,
నడుం లోతులో ఆమె, మంచంపట్టె పట్టుకొని.
ఇద్దరూ బతికే ఉన్నారని పడవవాళ్లు చెప్పినారు.
చెప్పినాక కూడా నేను
ఏడులోంచి నాలుగు తీసేస్తూనే ఉన్నాను.

మరునాడు రాత్రి, రెండున్నరకు
మళ్లీ అదే గొంతు, ఎవరిదో ఫోన్‌లో నుంచి.
"నిన్న ఫోనెత్తిన పిల్లవేనా?
బడిల ఉన్నం. బువ్వ వెట్టిన్రు.
ఇప్పుడు ఉత్త ముసురే.
ముసురుకు ఏంగాదు, జర పండుకో."

ఫారంలో ముసురుకు గడి లేదు.
హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టినాను.
అందులోంచి ఇంకా సన్నగా
ఆమె ఎవరినో తిడుతోంది, దుప్పటి తడిపినందుకు.